ఎంక్వయిరీ రోజు మా ఇంట్లో ఉన్నదెవరు?

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. చిన్నప్పుడు మక్కచేను గట్టు మీద తెల్ల పంచె కప్పుకుని నిలబడి సగం ఊరిని ఉరికించింది నేనే. ఆ సంగతి బయటపడ్డాక అదే పంచెతో కట్టేసి కొట్టించుకున్నదీ నేనే. దయ్యం పనిలో ఎంత కష్టముందో చేసినవాడికే తెలుస్తుంది. దోమలు కుడుతుంటే గోక్కోవడానికి కూడా వీలుండదు. అందుకే ఎవరైనా దయ్యం ముచ్చట మొదలుపెడితే అందరికంటే ముందు నవ్వేది నేనే.

ఎనిమిదో తరగతిలోనే బడి మానేశాను. రాతలో తప్పులుంటే సర్దుకోండి. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను.

మాది మహబూబాబాద్ జిల్లా, నెల్లికుదురుకు దగ్గరలో ఒక పల్లె. నేను గల్ఫ్‌లో వెల్డింగ్ పని చేస్తాను. అక్కడ ఉండి పనిచేసుకోవడానికి ఇచ్చే అనుమతిని అకామా అంటారు. అది చేతిలో ఉన్నన్నాళ్లు మనం పనివాళ్లం. అది తప్పిందంటే దొంగలం. ఇది నేను ఎవరో చెబితే విన్నది కాదు, మా ఇంట్లో చూసింది.

నాకంటే ముందు గల్ఫ్ వెళ్లింది మా అన్న యాకయ్య. చేరిన చోట జీతం సరిగా ఇవ్వకపోతే బయటికొచ్చి వేరే చోట పనిలో కుదిరాడు. పాస్‌పోర్టు పాత యజమాని బీరువాలోనే ఉండిపోయింది, అక్కడే దాని గడువు తీరిపోయింది. పాస్‌పోర్టు లేక అకామా రాలేదు. అకామా లేక దవాఖానకు పోలేదు. రోడ్డు మీద పోలీసు బండి కనబడితే సందులో దూరేవాడట. ఛాతీలో నొప్పి వచ్చినప్పుడు కూడా, దవాఖానలో కార్డు అడుగుతారని గదిలోనే పడుకున్నాడు. మళ్లీ లేవలేదు.

కాగితాలు సరిగా లేని శవం కాబట్టి ఇంటికి రావడానికీ చాలా ఆలస్యమైంది. పెట్టె తెరవొద్దని చెప్పి పంపారు. అమ్మ మూత మీద పడి ఏడ్చింది గాని కొడుకు మొహం చూడలేదు. అందుకే గోడ మీది ఫొటోకు ఈనాటికీ దండ వేయనివ్వదు.

"నేను సూసిన్నా? సూడందే ఎట్ల ఏస్త?" అంటుంది.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి వచ్చింది. నేను సెలవు మీద రాగానే పాస్‌పోర్టు అమ్మ చేతిలో పెట్టాలి. ఆమె దాన్ని పసుపు గుడ్డలో ముడివేసి అన్న ఫొటో వెనక దాస్తుంది. తిరిగి పోయే రోజు దాకా ఆ ముడి విప్పకూడదు, విప్పితే ప్రయాణం చెడుతుందని ఆమె భయం. అక్కడున్నప్పుడేమో అది కంపెనీ బీరువాలో ఉంటుంది. నా పాస్‌పోర్టును నేను చూసిన దానికంటే బీరువా, పసుపు గుడ్డ ఎక్కువ చూశాయి. అకామా తారీకు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. పాస్‌పోర్టుకు కూడా ఒక తారీకు ఉంటుందని మాత్రం మర్చేపోయాను.

పోయినసారి సెలవులో తిరుగు టికెట్ కోసం మహబూబాబాద్ వెళ్లాను. అమ్మతో పోట్లాడి ముడి విప్పించుకుని మరీ తీసుకెళ్లాను. టికెట్లు చేసే అతను పేజీ తిప్పి చూసి తల పట్టుకున్నాడు.

"అన్నా, గిది పట్టుకోని ఏడికి వోతవే? దీనికి ఆర్నెల్ల గడువు కూడ లేదు."

"ఆర్నెల్ల సంది నాకు గూడ పానం బాగలేదు. అయినా తిరుగుతలేనా? నువ్వు టికెట్ కొట్టు."

అతను నవ్వలేదు. "ఇమానం ఎక్కనియ్యరన్నా. దీని మీద కంపెనోళ్లు అకామా కూడ కొత్తది చెయ్యలేరు. జల్ది కొత్త పాస్‌పోర్టుకు పెట్టుకో. అకామా తప్పినంక పాస్‌పోర్టు వచ్చినా ఏం జేస్కుంటవ్?"

అప్పుడు నా నవ్వు కూడా ఆగిపోయింది. అకామా గడువు తీరేలోపు నేను అక్కడ అడుగుపెట్టాలి. లేకపోతే ఉద్యోగం పోయినట్టే.

వెంటనే దరఖాస్తు పెట్టాను. ఇక మిగిలింది పోలీసు ఎంక్వయిరీ. కానిస్టేబుల్ ఇంటికి వస్తాడు, మనిషిని చూస్తాడు, పక్కింటివాళ్లను అడుగుతాడు, మనిషి ఫొటో తీసి పై ఆఫీసుకు పంపుతాడు. మా ఠాణాలో ఆ పని చూసే అతను జనగామ దిక్కువాడు, చిన్న వయసే. ముందే ఫోన్ చేసి చెప్పాడు.

"ఉప్పలయ్యా, ఈ వారంల ఎప్పుడన్న వస్త. ఇంట్లనే ఉండు. మనిషి లేకుంటే లేడని రాయాల్సొస్తది, మల్ల నన్ననొద్దు."

నేను గడప దాటలేదు. మా ఆవిడ సరిత అయితే, పెళ్లయినప్పటి నుంచి నేను ఇన్ని రోజులు ఇంటిపట్టున ఉండటం ఇదే మొదలని పోలీసుకు దండం పెడతానంది.

సరిగ్గా అప్పుడే భూపాలపల్లి నుంచి అక్క ఫోన్ చేసింది. ఆమె అత్త పోయింది. నేను ఆగిపోతాను, మీరిద్దరూ పోయి రండి అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు.

"అన్న లేకపాయె. ఉన్న ఒక్క తమ్ముడు రాకుంటే మీ అక్క ఆ ఇంట్ల తలకాయ ఎత్తుకుంటదారా?"

కానిస్టేబుల్‌కు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. చేసేది లేక ముగ్గురం బయలుదేరాం. వాకిట్లో ఉన్న మంచాన్ని గోడకు నిలబెట్టాను. అమ్మ తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. ఇదంతా నా కళ్ల ముందే జరిగింది కాబట్టి రాస్తున్నాను.

భూపాలపల్లిలో ఉన్నన్ని రోజులూ నా ప్రాణం ఇంటి దగ్గరే ఉంది. బొగ్గు లారీలు పోతుంటే ఆరేసిన బట్టల మీద నల్లటి దుమ్ము పడేది. దాన్ని దులుపుతూ, ఈపాటికి కానిస్టేబుల్ వచ్చి తాళం చూసి పోయాడేమో అనుకునేవాణ్ని. పిట్టకు పెట్టే రోజు వచ్చింది. చనిపోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా చూస్తారు. అది మంగళవారం. అందరం దూరంగా నిలబడి చూస్తున్నాం. మా అన్నకు పెట్టిన రోజు చీకటి పడేదాకా నిలబడ్డా ఒక్క పిట్ట కూడా రాలేదు. ఇక్కడ మాత్రం కాసేపటికే కాకి వాలింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అప్పుడే నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. చదువుకున్న మేనకోడలికి చూపించాను.

"మామా, నీ పోలీస్ ఎంక్వయిరీ అయిపోయిందట. అంతా మంచిగనే ఉన్నదని రిపోర్టు పోయిందట."

కానిస్టేబుల్ దేవుడు, నన్ను చూడకుండానే రాసేశాడు అనుకున్నాను.

ఇంటికి తిరిగొచ్చేసరికి వేసిన తాళం వేసినట్టే ఉంది. మంచం మాత్రం వాకిట్లో వాల్చి ఉంది. పక్కింటి లచ్చవ్వ మిరపకాయలు ఆరబోసుకుందేమో అనుకుని పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున మిఠాయి డబ్బా పట్టుకుని ఠాణాకు పోయాను. కానిస్టేబుల్ చెట్టు కింద బండి తుడుచుకుంటున్నాడు.

"సార్, నా మొకం సూడకుండనే మంచోణ్ణని రాసినవ్ సూడు, సూసినోళ్లు ఎవ్వలూ గంత మాట అనలే," అన్నాను.

అతను గుడ్డ పక్కన పెట్టాడు. "సూడకుండ రాసుడేంది? మంగళారం మీ ఇంటికొచ్చి కూసుంటి గదా. మంచం నువ్వే వాలిస్తివి, మంచినీళ్లు నువ్వే ఇస్తివి."

"మంగళారం నేను భూపాలపల్లిల ఉన్న సార్."

"ఉప్పలయ్యా, ఠాణాల పరాచికాలు వద్దు. ఆ దినం ఒక్కసారన్న నవ్వినవా? అడిగిందే అడిగితివి. అకామా తప్పకముందు వస్తదా సార్, తప్పకముందు వస్తదా సార్ అని పానం తీస్తివి. ఇయ్యాల గింత నవ్వులేంది?"

అంటూనే నా చేతిలోని డబ్బా వైపు చూసి ఆగిపోయాడు.

"ఏదీ, ఎడమ చెయ్యి సూపెట్టు."

చూపించాను. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చిటికెన ఏలు సగమే ఉండె గదా. చెంబు ఇస్తుంటే నేనే అడిగిన. మక్కల మిషన్ల పడ్డదంటివి."

మా అన్నకు ఎడమ చేతి చిటికెన వేలు సగమే ఉండేది. మక్కలు ఒలిచే మిషన్లోనే పోయింది. ఆ వేలు తప్పితే మేమిద్దరం అచ్చు ఒకేలా ఉండేవాళ్లం. ఊళ్లో అన్నకు పడాల్సిన తిట్లు నేను, నాకు రావాల్సిన తిట్లు అన్న తింటూ పెరిగాం.

ఇంటికొచ్చి లచ్చవ్వను అడిగాను. ఆమె కళ్లకు ఆపరేషన్ అయ్యాక అవతలి వీధిలో పోయే కోడి ఎవరిదో కూడా చెబుతుంది.

"నువ్వే గదరా దడి కాడ నిలవడి పిలిస్తివి. పోలీసాయన అడుగుతుండు, జర చెప్పు పెద్దవ్వా అంటివి. మొకమంత పీక్కపోయి ఉంటివి. గంత ఎండల నిలవడ్డవేందిరా, నీడకు రా అంటె ఇనవైతివి."

నేను లచ్చవ్వను ఎప్పుడూ ముసల్దానా అనే పిలుస్తాను. ఆమె నన్ను కట్టె పట్టుకుని తరుముతుంది. పెద్దవ్వా అని పిలిచేది అన్న ఒక్కడే.

ఎవరైనా నా చిన్నప్పటి పరాచికాన్ని నా మీదే తిప్పికొట్టారేమో అని ఊరంతా ఆరా తీశాను. సగం వేలున్న మనిషి మా ఊళ్లో లేడు. నా మొహమున్న ఇంకో మనిషీ లేడు. మంచం, చెంబు బయటే ఉంటాయి, వాటికేం? అవి ఎవరి చేతికైనా అందుతాయి. ఆ మొహం, ఆ చెయ్యి ఎవరికి అందుతాయి?

రెండో రోజు సాయంత్రం కానిస్టేబుల్ మామూలు బట్టల్లో మా ఇంటికి వచ్చాడు. ఆ రోజు తీసిన ఫొటో పై ఆఫీసుకు పోయిందట, మళ్లీ తెరిచి చూడటానికి రాదట. లోపలికి వచ్చి గోడ మీది అన్న ఫొటో ముందు చాలాసేపు నిలబడ్డాడు. చెమట పట్టి, చొక్కా వీపుకు అంటుకుపోయింది.

అమ్మకు మేమెవరమూ ఏమీ చెప్పలేదు. లచ్చవ్వ చెప్పిందో, ఆమే కనిపెట్టిందో. పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. భయపడుతుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ కానిస్టేబుల్‌ను అడిగింది.

"బక్కగైండా కొడుకా?"

కానిస్టేబుల్ నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

"లేదవ్వా. మంచిగనే ఉన్నడు," అన్నాడు.

"అన్నం తిన్నవా అని అడిగినవా?"

"అడగలేదవ్వా. నాకే మంచినీళ్లిచ్చిండు."

అమ్మ లోపలికి పోయి కంచంలో అన్నం పెట్టుకొచ్చి కానిస్టేబుల్ ముందు పెట్టింది. అతను మొత్తం తిన్నాడు. తింటున్నంతసేపూ అమ్మ అతన్నే చూస్తూ కూర్చుంది. అన్నను చూసిన ఆ కళ్లలో ఆమె అన్నను చూసుకుంటోందని నాకు తర్వాత తట్టింది.

పోయేటప్పుడు గేటు దగ్గర నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఇప్పుడు నిన్ను కండ్లార సూసిన. రాసిందాంట్ల అబద్ధం లేదు. పో, పోయి పని చేస్కో."

కొత్త పాస్‌పోర్టు అకామా తప్పకముందే వచ్చింది. ఇప్పుడు నేను గల్ఫ్‌లోనే ఉన్నాను. అకామా కొత్తదైంది. ఇక్కడ రోడ్డు మీద పోలీసు ఆపితే జేబులోంచి కార్డు తీసి చూపిస్తాను. ఆయన చూసి ఇచ్చేస్తాడు. అంతే, దానికి ఒక్క నిమిషం కూడా పట్టదు. ఆ ఒక్క నిమిషానికి భయపడే మా అన్న దవాఖానకు పోకుండా చచ్చిపోయాడు.

నాకు అర్థం కానిది అదే. బతికున్నప్పుడు ఖాకీ గుడ్డ కనబడితే సందులో దూరిన మనిషి, పోలీసుకు ఎదురుపోయి మంచం ఎలా వాల్చాడు? అడిగినవాటికి జవాబు చెప్పి, కదలకుండా ఫొటో ఎలా దిగాడు? అసలు వచ్చింది మా అన్నేనా? కాకపోతే ఇంకెవరు? ప్రతిదానికీ ఏదో ఒక జోకు వేసే నాకు దీని మీద ఒక్క జోకు కూడా రాలేదు.

నా పాస్‌పోర్టులో పేరు నాది, ఫొటో నాది, సంతకం నాది. దాని కోసం ఎండలో నిలబడ్డ మనిషి మాత్రం నేను కాదు.