కోట మట్టి రుచి చూసే మనిషి

కరోనా తగ్గిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను బీదరుకు వేశారు. హస్తకళల సంస్థలో డిజైనర్‌గా అదే నా చివరి పోస్టింగ్. డిజైనర్ అంటే కొత్త నమూనాలు గీసి, పనివాళ్ల చేత చేయించి, కొనేవాళ్ల ముందు పెట్టే మధ్యమనిషి. మా నాన్నది జహీరాబాదులో గిన్నెల దుకాణం. గిన్నెను గోటితో మీటి లోపం చెప్పడం, ధర వినగానే మొహం చిట్లించడం నాకు అక్షరాల కంటే ముందే వచ్చాయి. అందుకే ఆఫీసులో నన్ను బొమ్మలకంటే బేరాలకే ఎక్కువ పంపేవారు. నా గీత మీద వాళ్లకున్న నమ్మకం అంతటిది.

బీదరులో నా పని రహీం భాయ్ కార్ఖానాలో. అక్కడ చేసేది బిద్రీ సామాను. జస్తాలో, అంటే జింకులో, కొంచెం రాగి కలిపి పోత పోస్తారు. నున్నగా రాకి, సన్నని ఉలితో తీగలూ పూలూ చెక్కి, ఆ గాడుల్లోకి వెండి తీగ దిగగొడతారు. అప్పటికి వస్తువంతా ఒకటే తెలుపు. వెండి ఎక్కడుందో కంటికి ఆనదు. చివర బీదరు కోట మట్టిని నవాసారమనే ఉప్పుతో నీళ్లలో కలిపి, వేడిచేసిన వస్తువు మీద రుద్దితే జస్తా నల్లబడుతుంది, వెండి తెల్లగా మిగులుతుంది. ఏ మట్టి పడితే ఆ మట్టి పనికిరాదు. పాత కోట గోడల నీడన, ఎండా వానా తగలకుండా ఏళ్ల తరబడి పడి ఉన్నది కావాలి. మంచి మట్టి నాలుకను కాస్త చురుక్కుమనిపిస్తుంది. దాన్ని తేల్చడానికి వాళ్లకున్న పరికరం నాలుకే.

ఆ కార్ఖానాలో ఆ నాలుక దేవయ్యది. మన్నళ్ళి అనే పల్లె నుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబం, ఇంట్లో తెలుగే. నల్లబెట్టే రోజు మట్టి పళ్లెం ముందు అతని దగ్గరికి వస్తుంది. చిటికెడు నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకుని, ఉమ్మేసి, తల ఊపితేనే రహీం భాయ్ పొయ్యి వెలిగిస్తాడు. అక్కడ నా సంతకంకంటే ఆ తల ఊపుకే విలువ.

కూలి రేట్ల దగ్గర నేను గీచి గీచి మాట్లాడుతుంటే దేవయ్య నవ్వేవాడు. “అక్కా, నువ్వు చర్చికి పోయినా పాస్టరుతోని బేరమాడుతవ్. ఒక పాట తగ్గియ్యమంటవ్.”

“తగ్గిస్తనంటే ఎందుకడగొద్దు?” అన్నాను. కార్ఖానా అంతా నవ్వింది.

నేను గీసిన సురాయి కూజాలు, మూత డబ్బాలు ఒక ప్రదర్శనకు పోవాలి. నల్లబెట్టిన రోజు అవి బూడిద రంగులో తేలాయి. మళ్లీ రాకి, మళ్లీ రుద్దారు. మళ్లీ బూడిదే. ముందు తప్పు నా డిజైన్ మీద పడింది, తర్వాత నవాసారం మీద, తర్వాత పోత మీద. దేవయ్య వైపు ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు.

దేవయ్య భార్య సుగుణమ్మ అక్కడే మెరుగుపెట్టే పని చేసేది. సాయంత్రం నన్ను పెరట్లోకి పిలిచింది. “నోట్ల పుండైందక్కా. అన్నం గూడ మండుతాందంటడు. ఏ మట్టి ఏసుకున్నా సుర్రుమంటాంది. మంచి మట్టే అనుకుంటుండు,” అంది. దేవయ్య చెంపలో ఎప్పుడూ గుట్కా ఉండేది. ఎంత కాలంగా తింటున్నాడో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

హైదరాబాదు ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేసి, క్యాన్సరని, సగం నాలుక తీసేయాలని అన్నారు. ఆలస్యమైతే తీసినా లాభముండదన్నారు. దేవయ్య ఒప్పుకోలేదు. “నాలిక లేనోన్ని కార్ఖానల ఎవరు కూసోబెడ్తరక్కా? పానముండి ఏం జేసుకోవాలె?”

నాకు వచ్చిన విద్య ఒకటే కాబట్టి బేరానికి దిగాను. క్రిస్మస్ దాటనియ్యమన్నాడు, వచ్చే వారమే అన్నాను. పోనీ వానలు పడేదాకా అన్నాడు, వారమే అన్నాను. చివరికి అతను రెండు షరతులు పెట్టాడు. మట్టి చూసే పని బయటివాళ్లకు ఇవ్వకూడదు, సుగుణమ్మకే ఇవ్వాలి. తను తిరిగొచ్చాక పళ్లెం ఎప్పటిలాగే ముందు తన దగ్గరికే రావాలి.

రహీం భాయ్ గడ్డం గోక్కున్నాడు. “ఆడమనిషి మాట మీద పొయ్యి ముట్టియ్యాల్నా?”

“బూడిద సామాను నేను తీస్కపోను భాయ్, నీ ఇష్టం,” అన్నాను.

ఆయన ఆ బూడిద సురాయిల వరస వైపు చూశాడు. “సరే. పళ్లెం గూడ దేవయ్య ముంగటికే వస్తది. జబాన్ ఇచ్చిన, మాటంటే మాటే.”

నిరుడు మిగిలిన మంచి మట్టి కుండలో కొంచెం ఉంది. సుగుణమ్మ అది ఒకసారి, కొత్తది ఒకసారి నాలుక మీద వేసుకుని నేర్చుకుంది. ఏది ఏ మట్టో చెప్పకుండా తనే తీసిచ్చి, దేవయ్య ఎదురుగా కూర్చుని ఆమె మొహం చూసేవాడు. తప్పు చెప్తే కసిరేవాడు. వారం లోపల ఆమె తప్పు చెప్పడం మానేసింది. అతను ఆసుపత్రిలో చేరాడు.

తిరిగొచ్చాక అతని మాట ముద్దముద్దగా వచ్చేది; సుగుణమ్మకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. పళ్లెం మాత్రం అతని ముందుకే వచ్చేది. దానికి ముందే ఆమె పెరట్లో మట్టి చూసి ఏరిపెట్టేది. అతను చిటికెడు వేసుకుని, కళ్లు మూసుకుని, తల ఊపేవాడు. పొయ్యి వెలిగేది. సామాను నల్లగా, నిగనిగలాడుతూ వచ్చేది. ఈ ఏర్పాటు గురించి ఎవరూ నోరెత్తలేదు.

ఒకరోజు రేషన్ దుకాణం దగ్గర సుగుణమ్మకు ఆలస్యమైంది. కొత్తగా తెచ్చిన మట్టి పెరటికి పోకుండా నేరుగా దేవయ్య ముందుకు వచ్చింది. అతను తల ఊపాడు. రహీం భాయ్ నా వైపు చూశాడు, నేను పొయ్యి వైపు చూశాను. పొయ్యి వెలిగింది. నవాసారం కలపబోతుండగా సుగుణమ్మ వచ్చి, సంచీ కింద పెట్టి, చిటికెడు నోట్లో వేసుకుంది. అందరి ముందూ ఉమ్మేసింది.

“ఇది గాదు భాయ్. సప్పగుంది.”

దేవయ్య భుజం మీది తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. పళ్లెం తీసుకుని, వంగి, సుగుణమ్మ ముందు పెట్టాడు. తర్వాత చెప్పులు వేసుకుని ఇంటికి పోయాడు. “నేనేం జెయ్యాలె అక్కా, నల్లగ రాకపోతే?” అని ఆమె నన్నడిగింది.

అతను మళ్లీ కార్ఖానాకు రాలేదు. ఆ చలికాలం మెడలో గడ్డ తేలింది. ఈసారి ఎవరితోనూ బేరమాడలేదు. ఆసుపత్రికి రానని చేత్తోనే చెప్పాడట. చలి తగ్గకముందే పోయాడు. చర్చి వెనక శ్మశానంలో పెట్టారు. అంత్యక్రియలకు కార్ఖానా మూసి అందరం వెళ్లాం. మరుసటి రోజు సామాను నల్లబెట్టారు. మట్టి సుగుణమ్మ చూసింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా బీదరులో ఏ కార్ఖానాకు వెళ్లినా నా నమూనాల సంచీ విప్పేముందు ఒకటే అడిగేదాన్ని: ఇక్కడ ఏ ఒక్క మనిషి మంచాన పడితే పని ఆగుతుంది? ఆ మనిషి ఆరోగ్యంగా ఉండగానే పక్కన రెండో మనిషిని కూర్చోబెట్టాలి. జబ్బు పడ్డాక కూర్చోబెడితే పని నిలబడుతుంది కానీ మొదటి మనిషికి చోటు ఉండదు. నా తర్వాత వచ్చిన డిజైనర్‌కు కూడా ఇదే చెప్పాను. ఆమె రాసుకోలేదు, ముందు నమూనాలు చూపించమంది.