అరవై మీద ముల్లు

అమెరికా కారు వెనక ఇరుసులోంచి డిఫరెన్షియల్ అనే పళ్ళచక్రాల పెట్టె దింపాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకడు పట్టుకోవాలి, ఒకడు తిట్టాలి. అంతకంటే బరువైనదాన్ని ఆరేళ్ళుగా నేను ఒక్కణ్ణే మోస్తున్నాను. పేరు రాయను. మీకే ఎందుకు చెబుతున్నానంటే మీరు నన్ను ఎరగరు. ఎరిగినవాళ్ళు నేను నోరు విప్పకముందే నవ్వడం మొదలుపెడతారు.

నేనొక అబద్ధమాడాను. దానివల్ల చక్కటి కళ్ళున్న మనిషి తనకు చూపు పోయిందని నమ్మాడు. సంగతి అంతే. మిగతాదంతా మెకానిజం.

తాడేపల్లిగూడెంలో ఒక బియ్యం మిల్లు యజమాని దగ్గర నేను మెకానిక్కుని. ఆయన కారుకి ఎనిమిది సిలిండర్లు, మూడు గేర్లు. కొనేటప్పుడు వెనక ఇరుసుకి రెండు రకాల పళ్ళచక్రాలు దొరుకుతాయనీ, ఏది కావాలో చెప్పమనీ అడిగారట. రెండు కూరలున్నాయంటే రెండూ వడ్డించమనే మనిషి మా యజమాని. రెండూ తెప్పించారు. పెద్ద చక్రానికి నలభై ఒక్క పళ్ళు. దాన్ని తిప్పే చిన్న చక్రానికి పదకొండు పళ్ళుంటే కారు పరిగెడుతుంది, పది ఉంటే బరువు లాగుతుంది. వానల్లో ధాన్యం బేరాలకి కొల్లేటి గట్ల మీద బురదలో తిరగాలి కనక అప్పుడు పది, వేసవికి పదకొండు. మా షెడ్డులో వాటి పేర్లు వానపళ్ళు, ఎండపళ్ళు. కొత్తగా విన్నవాళ్ళు మేం తోట కౌలుకి తీసుకున్నామనుకునేవారు.

ఇంకొక్క ముక్క తెలిస్తే మీరూ సగం మెకానిక్కే. వేగం చూపించే ముల్లు గేరుపెట్టె దగ్గరే కదలిక తీసుకుంటుంది. దాని వెనక ఏ పళ్ళున్నాయో దానికి తెలియదు. ఎండపళ్ళుంటే నిజం చెబుతుంది. వానపళ్ళుంటే గంటకి అరవై మైళ్ళంటుంది, రోడ్డు మీద యాభై నాలుగో యాభై అయిదో నడుస్తుంది. ఇంజను మోత కూడా అరవైకి ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. డ్రైవరు సూరన్న గారికి ఇదంతా కొట్టిన పిండి. వానాకాలంలో ముల్లు చూసి మనసులో తగ్గించుకునేవారు. ఆయన్ని నేను బాబాయ్‌గారూ అనేవాణ్ణి.

ఒక వేసవిలో ఏలూరు ప్లీడరు గారొకరు మిల్లుకొచ్చి, ఎనిమిది సిలిండర్లు పెట్రోలు తాగడానికేగాని పరిగెత్తడానికి కాదన్నారు. మా యజమానికి పౌరుషం వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఏలూరు రోడ్డు మీద అయిదు మైలురాళ్ళు అయిదు నిమిషాల్లో దాటిస్తానన్నారు. ఎండపళ్ళు వెయ్యమని నాకు చెప్పారు.

అది సగం రోజు పని. ఆ మధ్యాహ్నం నాకు నాటకం రిహార్సలుంది. నాది హాస్యపాత్ర, మొత్తం మూడు మాటలు. ఆ మూడు మాటలకోసం వెళ్ళిపోయాను. వెళ్ళేముందు ఇరుసు మీద మట్టి కిరసనాయిలు గుడ్డతో తుడిచి, నట్లు అప్పుడే విప్పి బిగించినట్టు మెరిపించాను. మరిచిపోయినవాడు గుడ్డ తీస్తాడా? తియ్యడు. కాబట్టి మరుపని మీరు నాకోసం సర్దిచెప్పకండి.

సాయంత్రం సూరన్న గారు వచ్చి కారుకింద వంగి చూశారు.

“పళ్ళు మార్చావురా అబ్బాయ్?”

“మార్చానండీ బాబాయ్‌గారూ.”

“ఎండపళ్ళేనా?”

“ఎండలో కూర్చుని మరీ వేశానండీ.”

ఆయన పకపకా నవ్వారు. “వెధవా, నువ్వు చేశాక ఇంక నేను చూసేదేముంది!” అని లేచి చేతులు దులుపుకున్నారు. చక్రం ఒక్కసారి చేత్తో తిప్పి, ఇంజనునుంచి వచ్చే కడ్డీ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుంటే దొరికిపోయేవాణ్ణి. ఆ జోకు వెయ్యకపోతే తిప్పి చూసేవారేమో. నా జీవితంలో బాగా పేలిన హాస్యం అదే.

పొద్దున్న వెనక సీట్లో యజమాని, ప్లీడరు గారు, ఆయన చేతిలో గడియారం. ముందు సూరన్న గారు, పక్కన నేను. మొదటి రాయి దగ్గరికి వచ్చేసరికే ముల్లు అరవై మీదికెక్కింది. అయిదు మైళ్ళూ అక్కడే, గోడకి మేకు కొట్టినట్టు. అలా నిలపడం ఆయనకి తప్ప ఈ ప్రాంతంలో ఇంకొకరికి చేతకాదు. గడియారం మాత్రం అయిదున్నర నిమిషాలంది.

“సూరన్నా, ముల్లు ఎంతమీదుంది?” అన్నారు యజమాని.

“అరవై మీదేనండి. వెంట్రుకవాసి కదల్లేదండి.”

“మీ డ్రైవరు గారికి వయసు మీద పడి ముల్లు ఆనలేదేమోనండీ,” అన్నారు ప్లీడరు గారు మర్యాదగా.

యజమాని నావైపు తిరిగారు. “నువ్వు చూశావా?”

“నేను రోడ్డు చూస్తున్నానండీ.”

ఎందుకలా అన్నాను? ఉద్యోగం పోతుందనా? పోతే గూడెంలో నాలుగు షెడ్లున్నాయి. నవ్వుతారని. ఊరందర్నీ నవ్వించేవాడు తనమీద నవ్వుతారంటే ఎంత పిరికివాడైపోతాడో ఆ క్షణందాకా నాకే తెలియదు.

యజమాని సూరన్న గారిని ఏలూరు కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళితే డాక్టరు చూపించినవి ఇంగ్లీషు అక్షరాలు. సూరన్న గారికి తెలుగు చదవడమే రాదు. అంకెలు తప్ప చదవలేరు. అక్షరాలు చెప్పలేకపోతే చూపు ఆనడం లేదనుకుని డాక్టరు కళ్ళద్దాలు రాశారు. వారం తిరక్కుండా ఆయనే తాళాలు తెచ్చి యజమాని చేతిలో పెట్టారు. “నలుగురి ప్రాణాలండీ,” అన్నారు. వెళ్ళొద్దని యజమాని బతిమాలినా, కొల్లేటికోటలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు.

ఈలోగా నేను పళ్ళు మార్చేశాను. ఎవరూ చూడలేదు. యజమాని తాళాలు నాకిచ్చి, అదే రోడ్డు మీద నడపమన్నారు. అయిదు నిమిషాలు, సరిగ్గా. “చూశావా, తప్పు కారుది కాదు,” అని నా భుజం తట్టారు. సూరన్న గారి మీద ఆఖరి మేకు కొట్టినవాణ్ణి అలా నేనే అయ్యాను. ఆ కారు ఇవాళ్టికీ నేనే నడుపుతున్నాను. బాగానే నడుపుతాను. ఆ సంగతి దాచి వినయం నటించడం ఇంకో అబద్ధమవుతుంది.

మొన్న చలికాలంలో మిల్లుపని మీద కొల్లేటికోట వెళ్ళాను. సూరన్న గారు గట్టుమీద కూర్చుని, కళ్ళద్దాలు నుదుటికి తోసుకుని వల కుట్టుకుంటున్నారు. సరస్సులో ఎక్కడో నలకంత పడవ.

“మా అల్లుడొస్తున్నాడ్రా. వెనక కూర్చున్నది వాడి తమ్ముడు.”

నాకు పడవే సరిగ్గా ఆనలేదు. అది గట్టుకి చేరేసరికి చాలాసేపు పట్టింది. వాళ్ళిద్దరే.

“అంత దూరం కనిపించిందాండీ బాబాయ్‌గారూ?”

“కనిపించడమేమిట్రా, ఊహించాను. నా కళ్ళ సంగతి నీకు తెలియందేముంది? ఆవేళ పక్కనే కూర్చున్నావుగా!”

నా నాలుక మీదికి ఎప్పటిలా ఒక జోకు వచ్చింది. మింగాను. దానితోపాటు నిజమూ లోపలికి పోయింది. వాళ్ళమ్మాయి వడ్డించిన చేపల పులుసు తిని వచ్చేశాను.

మన్నించమని మిమ్మల్ని అడగను. మన్నించడానికి మీరెవరు? ఆయన్నీ అడగను, ఆయన వెంటనే మన్నించేస్తారు, నాకు తెలుసు. ఆరేళ్ళ కిందట కారులో చెప్పాల్సిన జవాబు ఒకటి మిగిలిపోయింది. ఎక్కడో ఒకచోట రాస్తేగాని నాకు ఊపిరాడేలా లేదు.

చూశానండీ. అరవై మీదే ఉంది. వెంట్రుకవాసి కదల్లేదు.