పక్కకి జరిపిన మనిషి

నేను లెక్కల టీచర్ని. గీత గీసి చూపిస్తే తప్ప దేన్నీ నమ్మను. అందుకే, నలభై దాటాక ముచ్చటపడి కొన్న కెమెరాలో ఒక మీట నొక్కగానే తెర మీద రెండు నిలువు గీతలూ రెండు అడ్డ గీతలూ కనిపిస్తే ప్రాణం లేచొచ్చింది. ఫోన్లో వీడియోలు చూసి ఒక సూత్రం బట్టీ పట్టాను. మనిషిని నట్టనడుమ నిలబెట్టకూడదు, మూడో వంతు గీత మీద పెట్టాలి, మిగతాది ఖాళీగా వదలాలి. ఇక చూస్కోండి! శ్రీకాకుళంలో మా వీధి కుక్క దగ్గర్నుంచి మా చర్చి గంట దాకా అన్నీ ఓ మూలకి చేరిపోయాయి. క్రిస్మస్‌కి చుట్టాలంతా వరసగా నిలబడితే చివరనున్న మా ఆడపడుచు భుజం తెగిపోయి, అవతల సగం ఫొటో నిండా గోడ వచ్చింది.

"మన పెళ్లికి నువ్వు ఫొటోలు తియ్యలేదు, బతికిపోయాను," అన్నారు మా ఆయన.

"తెలియని విషయాల్లో నోరు మూసుకుంటే మర్యాద," అన్నాను. అప్పట్లో నాకు పొగరు బాగానే ఉండేది.

మాకు చేపలు అమ్మే ఆవిడని వీధిలో అందరం అప్ప అనేవాళ్లం, అంటే అక్క అని. సముద్రం ఒడ్డు ఊరి నుంచి రోజూ ఆటోలో వచ్చేది. గంప దించి, కత్తిపీట ముందు కూర్చుని, చేపలతోపాటు ఊళ్లోవాళ్లందర్నీ కూడా కోసి పెట్టేది. ఓ రోజు చేతులు కడుక్కుంటూ నా కెమెరా వైపు చూసింది.

"టీచరమ్మా, కాలనీల ఇల్లు కట్టుకున్నాం. గోడకెట్టుకోడానికి ఒక్క ఫొటో నేదు. మనువాడి నలబయ్యేళ్లయినాది, మేమిద్దరం కలిసి ఒక్క ఫొటో దిగనేదు. మా ముసిలోడు సీకట్నే యేటకెల్లిపోతాడు. ఆడొచ్చీసరికి నాను గంపెత్తుకుని ఎల్లిపోతాను. ఓసారి వొచ్చి తియ్యవా?"

ఆ ఆదివారం సాయంత్రం ఆరాధనకి ఎగనామం పెట్టి మరీ వెళ్లాను. ముసలాయన ఇసుకలోకి లాగిన తెప్ప మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. ఎండ మెత్తబడి ఆయన మొహం మీద పడుతోంది. గీతలు పెట్టి చూశాను. అబ్బ! ఎడమ గీత మీద ఆయన, కుడివైపంతా ఉత్త సముద్రం. ఇంతలో అప్ప ఎర్ర చీర కట్టుకుని, తల్లో కనకాంబరాలు పెట్టుకుని పరుగున వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఆ ఎరుపుతో నా సముద్రమంతా పాడైపోయిందనిపించింది.

"అప్పా, కాస్త పక్కకి జరుగు," అన్నాను. జరిగింది. "ఇంకొంచెం." తెప్ప దిగి ఇసుకలో కూర్చుంది. ఫ్రేమ్ దాటి పోయేదాకా జరిపాను. ఆవిడ మాత్రం ఫొటోలో ఉన్నాననుకుని బిగదీసుకుని కూర్చుని నవ్వుతూనే ఉంది. అది నేను చూశాను కూడా. తర్వాత ఇద్దర్నీ కలిపి తీద్దామనుకున్నాను. ఈలోగా వెలుతురు పోయింది, ఆటో దొరకదని వచ్చేశాను.

స్టూడియోలో ఆ ఫొటోని పెద్దది చేయించి, అద్దం కట్టించి, వాళ్లు కొత్తింట్లో పాలు పొంగించే రోజున పట్టుకెళ్లాను. అప్ప కాగితం విప్పింది. చుట్టూ ఇరుగుపొరుగు ఆడవాళ్లు మూగారు. ఆవిడ వేలు ముసలాయన మీద ఆగి, అక్కణ్నుంచి అద్దం మీద సముద్రమంతా వెతికింది.

"ఇందల నానేదీ?"

పక్కింటి ముసలమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "ఇదేటే సోద్యం! నువ్వు బతికుండగానే మొగుడి పక్కన కాళీ వొదిలీసినారు?"

ముసలాయన ఆ ఫొటో లాక్కుని గోడవైపు తిప్పి పెట్టేశాడు. "ఇది గోడకెక్కితే నానీ గుమ్మం తొక్కను. కొత్తింట్ల ఒంటోడి బొమ్మేటి?"

మూడో వంతు గీత గురించి చెప్పబోయాను. అప్ప నన్ను ఒక్క మాట అనలేదు. "నువ్వు జరగమన్నావు కదా టీచరమ్మా, అందుకే జరిగినాను," అని మాత్రం అంది. సిగ్గుతో చచ్చిపోయాను. ముప్ఫై మంది పిల్లల ముందు లెక్క తప్పు చేసినా నాకు అంత సిగ్గేసి ఉండదు.

అదృష్టం, కెమెరా సంచిలోనే ఉంది. "లేవండి ఇద్దరూ," అని ఒడ్డుకి లాక్కెళ్లాను. గీతలు తీసేశాను. ఇద్దర్నీ నట్టనడుమ, తల నుంచి కాళ్ల దాకా పడేట్టు నిలబెట్టాను. మధ్యలో ఓ మనిషి పట్టేంత ఎడం పెట్టుకుని నిలబడ్డారు.

"దగ్గరికి జరుగప్పా," అన్నాను. కదల్లేదు. చూడ్డానికి వచ్చిన ఊరి ఆడవాళ్లంతా కిసుక్కుమన్నారు.

"రాయే! నలబయ్యేళ్లకి సిగ్గేటి?" అని ముసలాయన ఆవిడ మోచెయ్యి పట్టి ఒక్క గుంజు గుంజాడు. ఆవిడ ఆయన భుజానికి వచ్చి తగిలింది. ఇద్దరూ నోరంతా తెరిచి నవ్వేశారు. నాకూ నవ్వాగలేదు, నొక్కుతుంటే చెయ్యి ఊగింది.

వారం తర్వాత ఆ ఫొటో పట్టుకెళ్లాను. ఇస్తూ ఇస్తూ నా బుద్ధి పోనిచ్చుకోలేదు. "సముద్రం ఓ పక్కకి వంగిపోయిందప్పా. ఇంకోసారి కంప్యూటర్లో పెట్టి సరిచేయించి తెస్తాను, ఇలా ఇయ్యి."

అప్ప ఫొటోని గుండెలకి హత్తుకుని ఓ అడుగు వెనక్కి వేసింది.

"వంకరైతే వంకరవనీ టీచరమ్మా. సరిసేస్తానని మళ్లీ నన్ను బయటికి తోసీగలవు."