రెండో చీటీ

ఇన్నేళ్ళుగా నా గుండెల మీద కూర్చున్నది చిటికెన వేలంత కాగితం ముక్క. నవ్వొస్తోందా? నాకు రాదు. మీరెవరో తెలీదు కాబట్టే మీకు చెబుతున్నాను. మా పాస్టరుగారితో చెబితే తల మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసి, క్షమాపణ దొరికిందమ్మా అంటారు. అంత సులువుగా నాకొద్దు.

నా మరిది ప్రకాశం శృంగవరపుకోట నుంచి ఘాట్ మీది ఊళ్ళకు వ్యానులో జనాన్ని తిప్పేవాడు. ఆ వ్యాను ఇంజను చెడింది. కొండ ఎక్కేటప్పుడు వేడెక్కిపోయేది, పోసిన నీళ్ళన్నీ తాగేసేది, నడిరోడ్డు మీద ఆగిపోయేది. ఎంత బాగుచేసినా ఇక నమ్మకం లేదని మెకానిక్కు తేల్చేశాడు. విజయనగరంలో ఒక షోరూమువాళ్ళు పాతది తీసుకుని, మిగతాది వాయిదాల మీద కట్టించుకుని కొత్తది ఇస్తామన్నారు. వాయిదాలంటే ప్రకాశానికి భయం. వాడి పెళ్ళాం, అంటే నా తోటికోడలు సుగుణ, మార్చేద్దామని ఒకటే పోరు.

ఎటూ తేలని సంగతేదైనా ఉంటే మా ఇళ్ళలో ప్రార్థన చేసి చీట్లు వేస్తాం. ఏది వస్తే అది దేవుడి మాట. చీట్లు రాసేది నేనే. ఇంటికి పెద్దకోడల్ని, స్త్రీల కూటంలో వాక్యం చదివేదాన్ని. నా మీద అందరికీ అంత నమ్మకం.

ఆ ఉదయం సుగుణ నా పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, కొత్త బండి వచ్చాక ఆదివారాలు నిన్ను కూడా చర్చికాడ దింపేస్తాం అక్కా అంది. ప్రేమగానే అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దింపేస్తారట, నన్ను! నా చేతి కింద కూర వండటం నేర్చుకున్న మనిషి ముందు సీట్లో కూర్చుని, నా మొగుడి డొక్కు స్కూటర్ మీద జాలిపడి, నన్ను దింపేస్తుందట.

లోపలికి వెళ్ళి, ఒకదాని మీద 'ఉంచు', రెండోదాని మీద 'మార్చు' అని రాయాల్సింది, రెండు చీట్ల మీదా 'ఉంచు' అనే రాశాను. చెయ్యి వణికిందని రాస్తే మీకు బాగుంటుందేమో. వణకలేదు. హాయిగా అనిపించింది.

స్టీలు గ్లాసులో వేసి కదిపాను. ప్రకాశం కళ్ళు మూసుకుని ఒకటి తీశాడు. విప్పి చదివి, అలాగే ప్రభువా అన్నాడు. సుగుణ మొహం వాడిపోయింది. గ్లాసు వైపు చూసింది.

"రెండోది కూడా ఇప్పి సూద్దాం అక్కా. అందులో ఏటి రాసున్నాదో."

"ఏటే సూసేది? దేవుడు సెప్పేక ఆయన్నే పరీక్ష సేస్తావా? నమ్మకం లేనిదానివి మోకాళ్ళెందుకేసేవు?"

"ఊరుకో సుగుణా," అన్నాడు ప్రకాశం. "వదిన రాసింది, దేవుడు తీయించాడు. అయిపోనాది."

ఆమె తల దించుకుంది. నేను గ్లాసు తీసుకెళ్ళి రెండో చీటీని పొయ్యిలో పడేశాను.

తర్వాత ఎండాకాలంలో ఘాట్ మధ్యలో వ్యాను ఆగింది. బండి నిండా జనం, త్వరగా పోనియ్యమని గోల. చల్లారేదాకా ఆగకుండా ప్రకాశం గుడ్డ పట్టుకుని రేడియేటరు మూత తిప్పాడు. సలసలా కాగే నీళ్ళు మొహం మీదికి తన్నాయి. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోది మసక. ఇప్పుడు సంతలో ఎవరివో బస్తాలకు కాపలా కూర్చుంటాడు.

వాడి కళ్ళు పోవాలని నేను కోరుకున్నానా? లేదు. మరేం కోరుకున్నాను? బండి ఆగిపోవాలని, జనం ముందు సుగుణకు తలవంపులు కావాలని. చెడిన బండిలో కూర్చునేవాళ్ళు మనుషులని నాకు తెలీదా? తెలుసు. తెలిసే రాశాను. ఇది అసూయ అని సరిపెట్టుకుందామని చాలాసార్లు చూశాను, కానీ అసూయపడే వాళ్ళందరూ దేవుడి సంతకం పెట్టరు కదా.

అసలు పాపం ఇంకా చెప్పలేదు. ఆసుపత్రి వరండాలో సుగుణ నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. రెండో చీటీ అడిగి దేవుణ్ణి అనుమానించానని, అందుకే ఆయన తన మొగుడి కళ్ళు తీసుకున్నాడని. అప్పుడు నోరు విప్పి ఉండవచ్చు. దాని జుట్టు నిమిరాను. పశ్చాత్తాపపడు, కనికరిస్తాడు అన్నాను. ఛీ!

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం ఉపవాసం ఉంటుంది. తనవల్లే కళ్ళు పోయాయని ప్రకాశానికి కూడా చెప్పేసింది. వాడిప్పుడు ఆమె పెట్టిన కంచం ముందు మునుపటిలా నవ్వుతూ కూర్చోడు. అది కూడా నేను చూస్తూనే ఉన్నాను.

ఈరోజు శుక్రవారం. ఉపవాసం విడిచేందుకు సుగుణకు గంజి నేనే కాచి తీసుకెళ్ళాను. తాగబోతూ గిన్నె కింద పెట్టి, ఇప్పటికైనా దేవుడు నన్ను క్షమించుంటాడా అక్కా అని అడిగింది. ఇంకా ప్రార్థించు అన్నాను.

ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. ఆమెకు చెబుతానని మీకు మాటివ్వను. ధైర్యం లేదు, అంతే. రెండు చీట్లలోనూ ఒకటే మాట ఉంది. రాసింది నేను. ఇది కాగితం మీద పెట్టాక కాస్త ఊపిరాడుతోంది. పక్కింట్లో సుగుణ మళ్ళీ మోకాళ్ళ మీద ఉంది.