కావిడిబద్ద బరువు

ఇంజినీరింగ్ మెకానిక్స్‌లో రెండోసారి తప్పిన రోజున మధురవాడలోని కాలేజీ నుంచి ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. మా చేపలపేటలో ఇంజినీరింగ్ చదివే మొదటి ఆడపిల్లను నేనే. నా ముఖం చూసి నాన్నకు తెలిసిపోయింది.

"మళ్లీ పోయిందేటి?"

"పోయింది. మళ్లీ రాస్తాను."

"రాయాల మరి," అని వల విప్పుకుంటూ కూర్చున్నాడు.

నన్ను ముంచుతున్నవి సమాంతర బలాల లెక్కలు. కిందికి లాగే బలాలన్నిటికీ బదులు ఒక్క బలం పెడితే అది ఎంత, ఎక్కడ? ఎంత అన్నది కూడితే వచ్చేస్తుంది. ఎక్కడ అన్న దగ్గరే ప్రతిసారీ తప్పేదాన్ని. సూత్రం నోటికి వచ్చు, అర్థమే కాలేదు.

మర్నాడు పొద్దున్న నాన్న కావిడి ఎత్తబోతుంటే ఆపాను. ఆరడుగుల వెదురు బద్ద. ఒక కొసన పది కిలోల చేపల బుట్ట, రెండో కొసన ఐదు కిలోల వల. ఇసుకలో పుల్లతో లెక్క కట్టాను. చేపల కొస నుంచి రెండడుగులు. అటు పది రెళ్లు ఇరవై, ఇటు ఐదు నాలుగులు ఇరవై. సుద్దతో గీత గీసి, "ఇక్కడ భుజం పెట్టు నాన్నా" అన్నాను.

పెట్టాడు. కావిడి వల వైపు వాలిపోయింది. ఆయన భుజం కొంచెం జరిపితే నిలబడింది. టేపు పెట్టి చూస్తే రెండంగుళాల తేడా. మళ్లీ కొలిచాను, మళ్లీ లెక్క కట్టాను. అదే తేడా. ఏడుపొచ్చింది గానీ పుల్ల వదల్లేదు.

"ఏటి సేత్తన్నావమ్మా?" అన్నాడు నాన్న. "సేపలు లెక్కేసినావు, వల లెక్కేసినావు. మరి బద్దని ఎవులు మోత్తన్నారు? నాను కాదా?"

బద్ద తూచాను. మూడు కిలోలు. ఆ బరువు నడిమధ్యన, మూడో అడుగు దగ్గర ఉన్నట్టు లెక్క. చేపల కొస నుంచి వలకు ఐదు ఆర్లు ముప్పై, బద్దకు మూడు మూళ్లు తొమ్మిది. ముప్పై తొమ్మిదిని మొత్తం బరువు పద్దెనిమిదితో భాగించాను. రెండడుగుల రెండంగుళాలు!

ఆ నెలంతా పుస్తకంలోని లెక్కలు మొదటి నుంచి చివరిదాకా చేశాను. మూడోసారి పాసయ్యాను.

"ఇంకెన్ని పరీచ్చలున్నాయి?" అని అడిగాడు నాన్న.

"ఈ ఏడాదికి ఐదు."

"అయితే కానియ్."

ఐదూ ఒకే విడతలో రాసి పాసయ్యాను.