మా జట్టులో ఎవరూ నిలబడరు

మా మామయ్య రాసిన సినిమాల్లో ఎవరూ నిలబడరు. దొంగ కూర్చునే దొంగతనం చేస్తాడు, పోలీసు కూర్చునే పట్టుకుంటాడు, ప్రేమించుకున్నవాళ్లు కూర్చునే విడిపోతారు. నేను కెమెరా పట్టిన నాలుగేళ్లలో ఆయన కథల్లోని మనిషి ఒక్కడైనా, కనీసం మంచినీళ్లు తాగడానికైనా, లేచిన పాపాన పోలేదు.

సినిమాలంటే పెద్దవేమీ కావు. మా గ్రంథాలయం వాళ్లు ఏడాదికొక ఆదివారం పోటీ పెడతారు. ఉదయం ఎనిమిదికి అన్ని జట్ల ముందూ ఒక చీటీ తీసి చదువుతారు. అందులో ఒక నిబంధన ఉంటుంది. దానికి కట్టుబడి పదకొండింటికల్లా స్క్రిప్టు రాసివ్వాలి, సాయంత్రం ఆరింటికల్లా ఆరు నిమిషాల సినిమా తీసివ్వాలి. మిగతా జట్లకి ఆ ఒక్క నిబంధనతోనే ఊపిరాడదు. మాకు దాని మీద మామయ్య నిబంధన కూడా.

మామయ్య రిటైరైన సర్వేయరు. ముప్పై ఏళ్లు ఎండలో నిలబడి ఇతరుల పొలాలు కొలిచాడు. ఆయన స్క్రిప్టు రాసే పద్ధతి కూడా ఆ ఉద్యోగం నుంచే వచ్చింది. ముందు స్కేలు పెట్టి గది పటం గీస్తాడు. అందులో కుర్చీలు ఎక్కడెక్కడ ఉన్నాయో, కుర్చీకీ కుర్చీకీ దూరమెంతో గుర్తుపెడతాడు. ఆ తర్వాతే కథ. ప్రతి స్క్రిప్టులోనూ మొదటి వాక్యం ఒకటే: "నర్సమ్మ కూర్చుని ఉంది." ఆ వాక్యం పడితే తప్ప ఆయన కలం ముందుకి కదలదు.

"ఎందుకు మామయ్యా ఈ పట్టుదల?" అని మొదటి ఏడాదే అడిగాను.

"నిలబడ్డ మనిషి సగం బుద్ధి కాళ్ల మీదే ఉంటుందమ్మాయ్. కూర్చుంటే గానీ అది మొహంలోకి రాదు. నేను ముప్పై ఏళ్లు నిలబడి కొలిచాను. ఒక్క గట్టు తగువైనా తీరిందా? రెండు పక్షాల్నీ అరుగు మీద కూర్చోబెట్టిన రోజునే తీరేది."

ఇంత గంభీరంగా చెప్పే మనిషికి ఎదురేం చెప్తాం. కెమెరా స్టాండు పొట్టిది కొనుక్కున్నాను.

మా జట్టులో ఉన్నది నలుగురం. కథ మామయ్యది. కెమెరా నాది. నేను పాస్‌పోర్టు ఫోటోల స్టూడియో నడుపుతాను కాబట్టి మనుషుల్ని స్టూలు మీద కూర్చోబెట్టి కదలకుండా చూడటం నాకు కొత్త కాదు. హీరో ఒక బ్యాంకు క్యాషియరు. రోజంతా అద్దం వెనక కూర్చునే ఉద్యోగం కదా, ఏడాదికొక్కసారైనా పరుగెత్తాలని అతని కోరిక. ఆ కోరికతోనే మా జట్టులో చేరాడు. అతని దురదృష్టం.

నాలుగో మనిషి నర్సమ్మ. పెద్దాసుపత్రిలో ముప్పై రెండేళ్లు నర్సుగా పనిచేసి రిటైరైంది. ఒంటరి మనిషి, రెండు గదుల ఇల్లు. నటన ఎక్కడా నేర్చుకోలేదు. కానీ ఆవిడ తలెత్తి చూస్తే నేను కెమెరా వెనక ఊపిరి బిగబట్టేదాన్ని. "ఏడాదిలో ఈ ఒక్క ఆదివారం కోసమే తల్లీ, మిగతావన్నీ గడిపేది" అని ఒకసారి మామూలుగా అంది. షూటింగుకి అందరికంటే ముందొచ్చి కూర్చునేది, అందరూ వెళ్లాక లేచేది. పని మీద ఎంత శ్రద్ధో అని నేను మెచ్చుకునేదాన్ని.

నేను చేరిన ఏడు చీటీలో "సినిమా అంతా ఛేజింగే ఉండాలి" అని వచ్చింది. క్యాషియరు ఆనందంతో కొత్త బూట్లు కొనుక్కొచ్చాడు. మామయ్య స్క్రిప్టు చదివి ఆ బూట్లు విప్పేశాడు. దొంగ బస్సులో మూడో సీట్లో ఉంటాడు, పోలీసమ్మ ఆరో సీట్లో ఉంటుంది.

"గురువుగారూ, ఇందులో ఛేజింగ్ ఏదండీ?"

"బస్సు పరుగెడుతోందా లేదా?"

"పరుగెడుతోందండీ."

"అతనూ పరుగెడుతున్నాడు, ఆవిడా పరుగెడుతోంది. మధ్య దూరం మాత్రం మూడు సీట్లే. పెరగదు, తరగదు. అదే వాళ్ల బాధ."

మరుసటి ఏడు కథంతా లిఫ్టులో జరగాలన్నారు. పళ్ల డాక్టరుగారి బిల్డింగులో లిఫ్టు అడిగి తీసుకుని, అందులో మూడు స్టూళ్లు వేశాం. ముగ్గురూ మోకాళ్లు మోకాళ్లు తగిలేలా కూర్చుని, తలలు దించుకుని, కథ ప్రకారం మౌనంగా ఉన్నారు. నాలుగో అంతస్తులో తలుపు తెరుచుకుంది. సంచితో నిలబడ్డ ముసలావిడ లోపలికి తొంగిచూసి, గొంతు తగ్గించి, "ఎవరు పోయారు నాయనా?" అంది. మామయ్య ఆ మాట తీసేయనివ్వలేదు. ఆ సినిమాలో నిలబడి కనిపించేది ఆవిడొక్కతే, ఆవిడ మా జట్టు మనిషి కాదు.

ఆ తర్వాతి ఏడు ఒక కొట్లాట ఉండాలన్నారు. కుర్చీలో కూర్చున్న హీరో చెయ్యి కుర్చీలో కూర్చున్న విలన్‌కి అందలేదు.

"కుర్చీ జరుపుకో. ఆ చప్పుడులో కోపం వినపడాలి" అన్నాడు మామయ్య.

క్యాషియరు ఇరవైసార్లు కుర్చీ జరిపాడు. కోపం నిజంగానే వినపడింది, అయితే అది క్యాషియరుది.

ఫలితాలు ఎలా ఉండేవో వేరే చెప్పాలా. రెండేళ్లుగా మాది అట్టడుగు స్థానం. "పాత్రలు ఎప్పుడైనా లేస్తాయేమోనని చివరిదాకా ఎదురుచూశాం" అని న్యాయనిర్ణేతలు రాసిచ్చారు. మూడోసారి కూడా అడుగున ఉంటే జట్టుని తీసేస్తారని నిబంధనల్లో ఉంది. అంటే ఈ ఏడాది తేడా వస్తే మామయ్య కథలకీ, నర్సమ్మ ఆదివారానికీ అదే ఆఖరు.

ఆ పరిస్థితిలో ఈ ఏడాది చీటీ తీశారు. గ్రంథాలయం ఆవిడ చదివి, మామయ్య వైపు చూసి మళ్లీ చదివింది. "ఈ సినిమాలో ఎవరూ కూర్చోకూడదు."

హాల్లో తొమ్మిది జట్లుంటే ఎనిమిది జట్లు మావైపు తిరిగాయి. క్యాషియరు కళ్లు మూసుకుని చేతులు జోడించాడు.

స్టూడియోకి వచ్చేసరికి నర్సమ్మ అప్పటికే వచ్చి కూర్చుని ఉంది. నిబంధన చెప్పాం. ఆవిడ "అలాగా" అని మాత్రం అంది. మామయ్య కాగితం ముందేసుకున్నాడు, స్కేలు తీశాడు, ఏమీ గీయలేదు. క్యాషియరు మాత్రం గది ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తూ కథ చెప్పేస్తున్నాడు.

"టికెట్ల కోసం పెద్ద క్యూ అండీ గురువుగారూ. ముగ్గురం నిలబడి ఉంటాం. ఆరు నిమిషాలూ నిలబడే ఉంటాం. చివర్లో నేను పరుగెత్తుతాను."

తొమ్మిదయింది. తొమ్మిదిన్నర అయింది. మామయ్య కలానికి మూత పెట్టాడు.

"మనం తప్పుకుంటున్నామని గ్రంథాలయానికి ఫోన్ చెయ్యి అమ్మాయ్" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి కాబట్టి అందరి ముందూ ఏమీ అనలేదు. చెయ్యి పట్టుకుని పక్క గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశాను. వచ్చినవాళ్లు తల దువ్వుకోవడానికి అద్దం, తాడుకి కట్టిన దువ్వెన, అందరికీ సరిపోయే ఒకే ఒక కోటు ఉండే చిన్న గది అది.

"నీ సిద్ధాంతం నీ దగ్గరే పెట్టుకో మామయ్యా. నాలుగేళ్లు నీ వెంట మేమందరం నవ్వులపాలయ్యాం. ఒక్క రోజు నిలబడితే ఏమవుతుంది? ఆవిడకి ఉన్నది ఈ ఒక్క ఆదివారం. అది కూడా పోగొడతావా?"

మామయ్య అద్దంలో నన్ను చూశాడు. తర్వాత తలుపు వైపు చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"ఆవిడ కోసమే కదే, పిచ్చిదానా."

నాకు అర్థం కాలేదు.

"నువ్వు రాకముందు ఒక సినిమా తీశాం. అందులో అందరం నిలబడ్డాం. మధ్యలో నేను తిరిగి చూస్తే ఆవిడ గోడ పట్టుకుని ఉంది. మొహం మీద నవ్వుంది, కాళ్లు మాత్రం వణుకుతున్నాయి. ఏమైందమ్మా అంటే, ఏం లేదు అన్నయ్యగారూ అంది. వారానికి కబురు పంపింది, వచ్చే ఏడాది నుంచి తీరిక ఉండదు, ఇంకెవర్నైనా చూసుకోండి అని. ఆవిడకి తీరిక లేకపోవడమేంటి? రెండు మోకాళ్లూ పోయాయి, అదీ సంగతి. రోగుల్ని రెక్క పట్టుకుని లేపి నడిపించిన మనిషి. తన కోసం నలుగురు సర్దుకుంటున్నారని తెలిస్తే ఇక మన గడప తొక్కుతుందా? అందుకని ఇంటికెళ్లి చెప్పాను. అమ్మా, ఇకమీదట నా కథల్లో ఎవరూ నిలబడరు, అది నా సిద్ధాంతం, ఇష్టమైతే రండి అని. వచ్చింది."

"మరి అరుగు, గట్టు తగువులు..."

"అవన్నీ దారిలో అల్లాను."

నేను అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాను. నాలుగేళ్లు ఈ మనిషిని చాదస్తుడని నేను అనని చోటు లేదు. బంధువుల ఇళ్లల్లో ఆయనలా కూర్చుని, ఆయనలా మాట్లాడి అందర్నీ నవ్వించాను. ఆయన ముందే నవ్వించాను. ఆయన కూడా నవ్వాడు. ఆ సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది.

"ఆవిడకి తెలియకూడదు" అన్నాడు మామయ్య.

"తెలియదు."

బయటికి వచ్చేసరికి నర్సమ్మ నిలబడి ఉంది. ఒక చెయ్యి లైటు స్టాండు మీద వేసి, మొహాన నవ్వు పెట్టుకుని ఉంది. "నా గురించి ఆలోచించకండి. క్యూ కథే తీద్దాం. ఆరు నిమిషాలే కదా" అంది. ఆరు నిమిషాల సినిమాకి ఏడు గంటలు నిలబడాలని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

నాకు అబద్ధాలాడే అలవాటు లేదు. అయినా గొంతు సవరించుకుని, మామయ్యలాగే చేతులు వెనక్కి పెట్టుకుని మొదలుపెట్టాను.

"క్యూ కథ కుదరదు. మామయ్య, నేను లోపల చర్చించాం. చీటీలో కూర్చోకూడదన్నారు. పడుకోకూడదనలేదు."

క్యాషియరు నోరు వెళ్లబెట్టాడు.

"మనిషి కూర్చున్నప్పుడు బుద్ధి మొహంలోకి వస్తుంది, అంతవరకు మామయ్య సిద్ధాంతం సరైనదే. కానీ వచ్చాక దానికి స్థిమితం ఉండొద్దూ? ఆ స్థిమితం పడుకుంటేనే వస్తుంది. నాలుగేళ్లుగా మనం అటే వెళ్తున్నాం. ఇవాళ్టికి చేరాం."

మామయ్య వెళ్లి కాగితం ముందుకి లాక్కున్నాడు. ఆ తర్వాత కలం మూత తీసి, "ఆ మాట నేనే చెబుదామనుకున్నాను" అన్నాడు.

స్క్రిప్టు నలభై నిమిషాల్లో పూర్తయింది. మొదటి వాక్యం, "నర్సమ్మ పడుకుని ఉంది." ఒక మధ్యాహ్నం ఇంట్లో ముగ్గురు పడుకుని ఉంటారు. ఎవరో తలుపు తడతారు. ఎవరు లేచి తీయాలన్నదే కథ. ఆవిడ మంచం మీద, మామయ్య బల్ల మీద, క్యాషియరు నేల మీద. ప్రతివాళ్లూ లేవకపోవడానికి ఒక కారణం చెబుతారు, ఒక్కో కారణం వెనక ఒక్కో పాత కోపం బయటపడుతుంది. చివరికి తట్టినవాళ్లు వెళ్లిపోతారు. అప్పుడు నర్సమ్మ కప్పు వైపు చూస్తూ, "మళ్లీ వస్తారులే" అంటుంది. నేను నిచ్చెన మీద నుంచి తీశాను. మామూలుగా అనాల్సిన ఆ రెండు మాటలూ ఆవిడ అన్న తీరుకి, సీను అయిపోయినా కెమెరా ఆపడం మర్చిపోయాను.

సాయంత్రం న్యాయనిర్ణేతలు పడుకోవడం కూర్చోవడం కిందికి వస్తుందా రాదా అని అరగంట వాదించుకున్నారు. గ్రంథాలయం ఆవిడ చీటీ మూడుసార్లు చదివి, రాదంది. తొమ్మిది జట్లలో మాకు నాలుగో స్థానం వచ్చింది. జట్టు నిలిచింది. క్యాషియరు ఆ సంతోషంలో హాలు చుట్టూ ఒక చుట్టు పరుగెత్తి వచ్చాడు.

నర్సమ్మని నా స్కూటీ మీద ఇంటి దగ్గర దింపాను. మూడు మెట్లున్నాయి. ఆవిడ ఇనుప కమ్మీ పట్టుకుని మొదటి మెట్టు ఎక్కి ఆగింది.

"నీతో ఒక మాట చెప్పాలి తల్లీ. మీ మామయ్యకి చెప్పనని మాటివ్వు."

ఇచ్చాను.

"నా మోకాళ్లు పనిచేయవు. చాలా ఏళ్లయింది. నటించడం మానేద్దామనే అనుకున్నాను. సరిగ్గా అప్పుడే దేవుడిలా మీ మామయ్యకి ఆ కూర్చునే పిచ్చి పట్టుకుంది. ఎండలో తిరిగిన మనిషి కదా, వయసుతో అలా ఏదో ఒకటి వస్తుంది, నేను ఆసుపత్రిలో ఎంతమందిని చూడలేదు. అందరూ ఆయన్ని చూసి నవ్వుతుంటే నాకు కష్టంగా ఉండేది. అందుకని ఎవరు నవ్వినా, అన్నయ్యగారు చెప్పింది నిజమే అని గట్టిగా అనేదాన్ని. కనీసం ఒక్కరైనా నమ్మాలి కదా, పాపం."

నేను స్కూటీ హ్యాండిలు వైపు చూస్తూ తలూపాను.

"ఆయనకి నా సంగతి తెలియనివ్వకు. నన్ను చూసి జాలిపడి సిద్ధాంతం మార్చుకున్నా మార్చుకుంటారు. పెద్ద మనసు."

మర్నాడు ఉదయం స్టూడియో తలుపులు తీసేసరికి మామయ్య వచ్చి, కస్టమర్ల స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"నిన్న దింపావు కదా, ఆవిడ ఏమైనా అందా?" అని అడిగాడు.

"అంది. నీ సిద్ధాంతం చాలా గొప్పదంది."

"అనదూ మరి" అన్నాడు మామయ్య, నడుం నిటారుగా చేసుకుంటూ.