ఎర్ర సిరాతో గీసిన మొగ

మా తమ్ముడికి పొగరెక్కిందని బంధువులంతా తీర్మానించిన ఏడాది అది. బుచ్చిలో మా చిన్నాన్న కూతురి పెళ్లికి వెళ్లాం. పందిట్లో మా పెద్ద మేనమామ ఎదురుగా వచ్చి నిలబడితే, వీడు పలకరించకుండా పక్కనుంచి వెళ్లిపోయాడు. ఆయన ఊరుకునే మనిషి కాదు. భోజనాల దగ్గర అందరికీ వినపడేట్టే అన్నాడు. "రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగమంటే కలెక్టరు ఉద్యోగమనుకున్నాడా? మనిషి మొహం చూసి మాట్లాడేది గూడా మానేసినాడే!"

నాకు ఒళ్లు మండిపోయింది. మామ మీద కాదు, తమ్ముడి మీదే. మా వైపు పెద్దవాళ్లు ఎదురైతే కూర్చున్నవాడు లేవాలి, "బాగుండారా మామా" అనాలి. ఆ ఒక్క మాటకు నోరు రాలేదంటే పొగరు కాక మరేమిటి? నాతో మాట్లాడేటప్పుడు కూడా కొంతకాలంగా వాడి చూపు నా చెవి పక్కగా ఎటో పోతోంది. అడిగితే "ఏదో ఆలోచనలే అక్కా" అంటాడు. ఇంటికొచ్చాక గట్టిగానే చీవాట్లు పెట్టాను. వాడు తల వంచుకుని విన్నాడు, ఎదురు చెప్పలేదు. మొండివాడు రాజు కంటే బలవంతుడని, నేనే నోరు నొప్పి పుట్టి మానుకున్నాను.

మేం వరి పండించే ఇంటి పిల్లలం. సముద్రంతో మీకేం పని అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. ఆ పని తమ్ముడే తెచ్చిపెట్టాడు. తీరం వెంబడి రొయ్యల గుంటలన్నీ బండి మీద తిరిగి మేత అమ్మడం వాడి ఉద్యోగం. ఆ తిరుగుళ్లలో ఒకసారి, మూతబడిన రిసార్టు వెనక ఇద్దరు కూర్చునే కయాక్ పడవ ఒకటి ఎండలో పడి ఉండడం చూశాడు. బేరమాడి కొని, పాలెంలో తెలిసిన జాలరుల పాకలో పెట్టించాడు. పాలెం వాళ్లు దాన్ని ప్లాస్టిక్ తొట్టి అంటారు. మేం నారింజ రంగు లైఫ్ జాకెట్లు కట్టుకుని బయల్దేరితే వలలు బాగుచేసుకునే ఆడవాళ్లు నవ్వుతారు. "ఏం టీచరమ్మా, తొట్టెక్కి యాడికి పోతా ఉండారు?"

ఎక్కడికీ కాదు. అలా చుట్టి రావడమే. పాలెం వెనక ఉప్పుటేరు సముద్రానికి పక్కపక్కనే చాలా దూరం పారుతుంది. మధ్యలో ఇసక దిబ్బలు, మడ చెట్లు పెరిగిన చిన్న చిన్న దీవులు. వాటి మధ్యనుంచి దక్షిణంగా పోయి, ఏరు సముద్రంలో కలిసే చోట బయటపడాలి. ఆ చోటిని అక్కడ మొగ అంటారు. బయటపడ్డాక ఒడ్డును ఎడమ చేతికి పెట్టుకుని సముద్రంలో ఉత్తరంగా రావాలి. ఉత్తరాన ఉండే పై మొగలోంచి మళ్లీ ఏట్లోకి దూరి పాలెం చేరాలి. ఇంకా దక్షిణంగా, శ్రీహరికోట వైపు, మేం పోం. అటు పోనివ్వరు కూడా.

పడవలో వెనక సీటు నాది. తెడ్లు ఇద్దరం వేస్తాం, కాలితో చుక్కాని తిప్పడం మాత్రం నా పని. ముందు సీటు వాడిది. ఎదురుగా పారదర్శకమైన కవర్లో మ్యాపు కట్టి ఉంటుంది, అది చూసి వాడు దారి చెప్పాలి. హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని నేను, మ్యాపు మాత్రం వాడి చేతిలో! దెప్పిపొడిస్తే నవ్వేవాడు. "ఏరు దాటేదాకే గదక్కా ఓడ మల్లయ్య. ఒడ్డుకు పోతే బోడి మల్లయ్యనే. ఈడన్నా నా మాట ఇను."

ఆ మ్యాపు మేం చేసుకున్నదే. ఉపగ్రహం తీసిన బొమ్మను పెద్దగా ప్రింటు తీయించి, దాని మీద మా గుర్తులు గీసుకున్నాం. దీవులకు మేమే పేర్లు పెట్టుకున్నాం. సముద్రంలోంచి చూస్తే మా తీరమంతా ఒకే గీత, కొండా గుట్టా ఏమీ ఉండదు. అందుకని పాలెం తెల్ల చర్చి, వాటర్ ట్యాంకు, సెల్ టవరు, సరుగుడు తోట, ఇవే గుర్తులు. ఫోన్లో మ్యాపు ఉండగా ఈ కాగితమెందుకని అడిగేవాళ్లకు ఒకటే జవాబు. మా మొగలు ఒకచోట ఉండవు. వాయుగుండాలు వచ్చి పోయాక ఇసక కదిలి ఒక మొగ పూడిపోతుంది, ఇంకోచోట తెగుతుంది. ఫోనుకు ఆ సంగతి తెలియదు. అందుకే ఏటా వానలు వెళ్లాక ఇద్దరం ఒడ్డున నడిచి, ఏ మొగ ఎక్కడుందో చూసి ఎర్ర సిరాతో దిద్దుకోవడం మా అలవాటు. అది దిద్దకుండా పడవ నీళ్లలో పెట్టేవాళ్లం కాదు.

ఆ ఏడాది వాడు నడవడానికి రాలేదు. పని ఉందన్నాడు. ఇంకో ఆదివారం అన్నాను, అప్పుడూ పనే. చివరికి విసుక్కుంటూ నేనొక్కదాన్నే వెళ్లాను. సరుగుడు తోటకు ఇవతల ఉండే పై మొగ పూర్తిగా పూడిపోయింది. దాని మీద పిల్లలు కబడ్డీ ఆడుతున్నారు. తోట దాటాక, అవతల కొత్తగా తెగింది. పాత మొగ మీద ఎర్రగా కొట్టేసి, కొత్తది గీసి తెచ్చి వాడి చేతికిచ్చాను. కాసేపు పట్టుకుని చూశాడు. "బాగా గీసినావక్కా" అన్నాడు. నేను మురిసిపోయాను కూడా.

మాఘం వెళ్లి గాలి తిరిగాక ఒక ఆదివారం బయల్దేరాం. నెల్లూరు నుంచి వాడి బండి మీదే వచ్చాం. దార్లో ఒక బర్రెను మరీ దగ్గరగా తప్పించాడు. నేను అరిచాను. "చూసినాలే" అన్నాడు.

దీవుల మధ్య వాడు ఎప్పటిలాగే దారి చెప్పాడు. ఎడమ అన్నచోట ఎడమ దారి ఉంది, లోతు తక్కువ అన్నచోట పడవ అడుగు ఇసకకు గీరుకుంది. నా కోపం కొంచెం కొంచెంగా తగ్గింది. దక్షిణాన ఉన్న కింది మొగలో నీళ్లు తేటగా ఉన్నాయి, సులువుగా బయటపడ్డాం. సముద్రం ఊగుతోంది గానీ భయపెట్టేంత కాదు. ఎండ, ఉప్పు, భుజాల నొప్పి. చర్చి వెనక్కి పోయింది, ట్యాంకు పోయింది. సరుగుడు తోట ఇంకా ముందుండగానే తమ్ముడు తెడ్డు ఎత్తి ఒడ్డు వైపు చూపించాడు.

"మొగ వచ్చేసినాదక్కా. తిప్పు."

వేళాకోళమనుకున్నాను. "మొగ తోట అవతల గదరా."

"ఇవతలే. టవరు పక్కకి వచ్చినాక తిప్పాల. తిప్పు తిప్పు, దాటిపోతాం."

"మ్యాపు చూడరా!"

"చూస్తానే ఉండా."

నిజంగానే చూస్తున్నాడు. తల వంచి, మొహం మ్యాపు మీదే పెట్టాడు. నేను ఎర్ర సిరాతో గీసినది వాడి ముక్కు కింద ఉంది. అయినా ఇవతలే అంటున్నాడు. నేను చుక్కాని తిప్పలేదు. నాకు వినబడలేదనుకున్నాడో ఏమో, వాడే తెడ్డు బలంగా వేసి పడవ ముక్కును ఒడ్డు వైపు మళ్లించాడు.

మొగలో అల విరగదు. పూడిన ఇసక మీద విరుగుతుంది. మా ముందు తెల్లగా, వరసగా విరుగుతోంది. "ఆపు!" అని నేను అరిచేలోపే వెనకనుంచి వచ్చిన అల మమ్మల్ని ఎత్తి అడ్డంగా పడేసింది. పడవ బోర్లాపడింది. నోట్లో, ముక్కులో నీళ్లు. కాళ్లు ఇసకకు తగిలాక లేచి చూస్తే నడుం లోతే ఉంది. తమ్ముడు నాకు కొంచెం దూరంలో నిలబడి, అటూ ఇటూ తల తిప్పుతూ పిలుస్తున్నాడు. "అక్కా! అక్కా! యాడుండావే?"

నేను వాడి ఎదురుగానే ఉన్నాను.

ఇద్దరం పడవను లాక్కుంటూ ఇసక మీదికి చేరాం. తాడుకు వేలాడుతున్న మ్యాపును పీకి వాడి మొహం ముందు పెట్టాను. దయ తలచి కాదు, ఒళ్లు తెలియని కోపంతో.

"ఏముందిరా ఈడ? చెప్పు!"

"మొగ."

"ఏ రంగులో ఉంది?"

వాడు కవరు మీద వేలితో తడిమాడు.

"ఎర్రగా కొట్టేసినా గదరా, ఇంత లావున! కనపడలా?"

"కొట్టేసినావా?" అన్నాడు మెల్లగా. "నాకు తెలీదక్కా. పాతదంతా కంఠతా వచ్చు. అదే చెప్తా వచ్చినా."

ఇసకలో కూలబడ్డాను. వాడూ కూర్చున్నాడు. పోయిన వానాకాలం నుంచీ అట్టా ఉందని చెప్పాడు. ఎవరికీ చెప్పకుండా రైలెక్కి చెన్నైకి పోయి పెద్ద డాక్టర్లకు చూపించుకున్నాడట. కంటి వెనక పొర చెడిపోతోందని, అద్దాలతో గానీ ఆపరేషన్‌తో గానీ బాగుపడేది కాదని వాళ్లు చెప్పారట.

"పక్కలన్నీ కనపడతాయి. నడిమధ్యన ఉండదు. దేన్ని చూస్తే అది ఉండదు." నా వైపు తిరిగాడు. చూపు ఎప్పటిలాగే నా చెవి పక్కన ఆగింది. "ఇప్పుడు నీ మొగం ఉండదు. కొంచెం పక్కకి చూస్తే నీ చెవి కమ్మ మెరస్తా ఉంటాది. అది చూసి నువ్వే అనుకుంటా."

పెళ్లిలో మామ మొహం కూడా లేదన్నమాట. అంతమంది ముందు పొగరుబోతని అనిపించుకుని, అన్నం తిని, అసలు సంగతి చెప్పకుండా వచ్చేశాడు. నాకు ఏడుపు ఆగలేదు. వాణ్ణి కొట్టాలనీ ఉంది, దగ్గరికి తీసుకోవాలనీ ఉంది. రెండూ చేయలేదు. "నీ పెళ్లానికన్నా చెప్పినావా?" అని అడిగాను. లేదని తల ఊపాడు. చెబితే బండి మానాలి. బండి మానితే ఉద్యోగం లేదు. ఇంట్లో పాప ఒకటో తరగతి. రోజూ పొద్దున బండి ముందు, పెట్రోలు ట్యాంకు మీద కూర్చుని బడికి పోతుంది. నా మేనకోడలు.

పడవను ఇసక మీదుగా ఈడ్చి ఏట్లో దింపాం. వాడు ముందు సీట్లోనే కూర్చున్నాడు. ఈసారి దారి నేను చెప్పాను, వాడు తెడ్డు వేశాడు. కుడి పక్కన వల కట్టెలున్నాయని, ఎదురుగా కొంగలు లేచాయని, అవసరమైనవీ కానివీ అన్నీ చెప్పాను. నోరు ఆపితే ఏడుస్తానని భయం. "గమ్మునుండక్కా, కొంగలు నాకు కనపడతా ఉండాయి" అన్నాడు ఒకసారి. నవ్వాడు కూడా. నేను నవ్వలేకపోయాను.

పాలెంలో పడవ పాకలో పెట్టి బండి దగ్గరికి వచ్చాం. వాడు జేబులోంచి తాళం తీశాడు. నేను చెయ్యి చాపాను.

"ఇటియ్యి."

"నీకు స్కూటీ తప్ప రాదు గదా."

"నేర్చుకుంటా. ఇటియ్యి."

"అక్కా, ఈ రోడ్డు నాకు కంఠతా వచ్చు. ఏ గుంట యాడుందో, ఏ మలుపు యాడుందో..."

"మొగ గూడా నీకు కంఠతా వచ్చురా."

వాడు బండి హ్యాండిల్ మీదనుంచి చెయ్యి తీశాడు. తర్వాత తాళం నా చేతిలో పెట్టబోయి, పక్కగా వదిలాడు. ఇసకలో పడింది. వంగి తీసుకున్నాను.

నెల్లూరు దాకా నేనే నడిపాను. ఎన్నిసార్లు బండి ఆగిపోయిందో చెప్పలేను. వాడు వెనక కూర్చుని ఇంజిను శబ్దం విని చెబుతూ వచ్చాడు. "క్లచ్ పట్టు. ఇప్పుడు గేరు మార్చు. నిదానం." ఎదురొచ్చే లారీలను నేను చూసుకున్నాను. ఆ ఉద్యోగం పోతే ఏం చేస్తారో, ఇల్లు ఎలా గడుస్తుందో, ఆ దారి పొడుగునా నాకు ఏమీ తోచలేదు.

వాళ్ల వీధి మలుపులో బండి శబ్దం వినగానే పాప పరుగెత్తుకొచ్చింది. ఆదివారం నాన్న ఇంటికి రాగానే వీధి చివరిదాకా ఒక చుట్టు తిప్పాలి, అది దాని హక్కు. ముందు నన్ను చూసి తెల్లబోయింది గానీ, క్షణంలో ట్యాంకు మీదికి ఎక్కేసి హ్యాండిల్ పట్టుకుంది. "నువ్వు దిగత్తా, నాన్న తిప్పుతాడు" అంది. మా మరదలు తడి చేతులు తుడుచుకుంటూ గేటు దగ్గరికి వచ్చింది. నేను తమ్ముడి వైపు చూశాను. నేను చెప్పనని వాడికి తెలుసు. చెప్పాల్సింది వాడే.

వాడు దిగి, బండి పక్కగా తడుముకుంటూ ముందుకొచ్చి, పాపను ట్యాంకు మీదనుంచి ఎత్తి కిందికి దించాడు.